ఎర్ర దారం, తెల్ల దారం

23 జూన్ 2025, సోమవారం

చుట్టాలందరూ వెళ్లిపోయారు. శ్రీలేఖ కూడా నిన్న విశాఖ బండి ఎక్కింది. ఎక్కే ముందు ఈ డైరీ చేతిలో పెట్టింది. "నువ్వెలాగూ మాట్లాడవు నాన్నా, రాయి" అంది.

చివరి రోజు ముందుగా రాసి పెట్టుకోవాలి. ఆలస్యమైతే జ్ఞాపకం తనకు నచ్చినట్టు మారిపోతుంది. ముప్పై రెండేళ్లు డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తూ నేను అన్న మాటే. చూసింది చూసినట్టు, వెంటనే రాయండి.

జూన్ 9, సోమవారం. కుసుమ అయిదున్నరకు లేచింది. ఆరింటికి కాఫీ తెచ్చింది. ఇద్దరం బాల్కనీలో తాగాం. ఏడింటికి బీపీ చూసుకున్నాను, 138/84. నోట్‌బుక్‌లో రాశాను. ఎనిమిదిన్నరకు ఉప్మా. పదింటికి బెండకాయలు తరిగింది. పదకొండింటికి ఇంకో అర గ్లాసు కాఫీ కలుపుకోవాలనుకుంది, తర్వాత వద్దనుకుంది. ఒంటిగంటకు భోజనం. వేపుడు, చారు. మూడింటికి ఆరిన బట్టలు తెచ్చి మంచం మీద పోసింది. నాలుగు కావస్తుంటే పిలిచాను. పలకలేదు. వెళ్లి చూస్తే మంచం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో నా చొక్కా ఉంది, సగం మడత పెట్టి.

గుండె అన్నాడు డాక్టరు. నొప్పి తెలిసి ఉండదు అన్నాడు. అరవై ఆరేళ్లు.

అంతే.

24 జూన్

కాఫీ మానేసి పదిహేను రోజులు.

26 జూన్

ఎదురు ఫ్లాట్ రజిత టీ తెచ్చింది. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పొద్దున్నే కిందికి వెళ్లినప్పుడు తమ పాల పాకెట్లతో పాటు మావీ పైకి తేవడం ఆమెకు అలవాటు. ఇప్పటికీ రెండు తెస్తోంది. ఒకటి చాలని ఇంకా చెప్పలేదు.

"ఏం సార్, కాఫీ బంద్ చేసిండ్రంట. శ్రీలేఖ ఫోన్ల చెప్పింది."

"అలవాటు తప్పిపోయింది."

"పదిహేను దినాలకేనా? మా ఆయన గుట్కా మానుడు పదిహేనేండ్ల సంది షురూ చేస్తనే ఉన్నడు."

నవ్వాలని చూశాను. టీ తాగాను. అల్లం ఎక్కువ.

29 జూన్, ఆదివారం

"తర్వాత వద్దనుకుంది" అని రాశాను. అది నిజం కాదు.

వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతిలో తన గ్లాసు ఉంది. "ఏమండీ, ఇంకో అర గ్లాసు కలుపుకోనా?" అంది. అలా ఎప్పుడూ అడగలేదు. మా ఇంట్లో రోజుకు ఒక్క కాఫీ అని నియమం. నియమం నాది. నేను పేపర్లోంచి తలెత్తలేదు. అరవై దాటిన ఆడవాళ్లు రోజుకు ఒకటికి మించి కాఫీ తాగితే గుండె లయ తప్పుతుందని ఆ రోజే పడింది. పైకి చదివాను. ఎన్ని వేల మంది మీద, ఎన్నేళ్లు చేశారో కూడా వదలకుండా మొత్తం చదివాను.

చివరిదాకా నిలబడి వింది.

"అయ్యిందా?" అంది.

"అయింది" అన్నాను.

నవ్వింది. గ్లాసు స్టాండులో బోర్లించి బయటి గదిలోకి వెళ్లిపోయింది.

ఆమె నన్ను అడిగిన చివరి వస్తువు అర గ్లాసు కాఫీ. నేను పేపరు ఇచ్చాను.

ఆ గ్లాసు ఇంకా అలాగే బోర్లించి ఉంది. రోజూ మిగతా గిన్నెలన్నీ కడుగుతున్నాను. దాన్ని ముట్టుకోలేదు.

2 జూలై

ఈరోజు పేపరు, ఏడో పేజీ. అరవై దాటిన స్త్రీలకు రోజుకు మూడు కప్పుల కాఫీ గుండెకు రక్షణ అట. ఇది కూడా వేల మంది మీద చేసిందే. ఏళ్ల తరబడి చేసిందే.

కత్తిరించాను. చెయ్యి అలవాటు.

నా దగ్గర రెండు ఫైళ్లు ఉన్నాయి. కాఫీ చెడ్డదన్నవి ఒకదాంట్లో, మంచిదన్నవి ఒకదాంట్లో. రెండూ ఇంచుమించు ఒకే లావు. కుసుమ వాటికి అత్త ఫైలు, కోడలు ఫైలు అని పేరు పెట్టింది. "ఇద్దరూ ఒక ఇంట్లో ఉండాల్సినవాళ్లే, ఒక మాట మీద మాత్రం ఉండరు" అనేది.

ముక్క చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఏ ఫైల్లోనూ పెట్టలేదు. చొక్కా జేబులో ఉంది.

6 జూలై, ఆదివారం

కాఫీ చేద్దామనుకున్నాను. తాగడానికి కాదు. చేయడం వచ్చో రాదో చూద్దామని.

డబ్బా మూత తీస్తే పొడి మీద రూపాయి బిళ్ల. అది ఏళ్ల నుంచి అక్కడే ఉంటుంది. ఒకసారి ఎందుకని అడిగితే "ఉండనివ్వండి, దాని పని అది చేసుకుంటుంది" అంది. బియ్యం డబ్బాలో వేసుకునేవాళ్లను చూశాను. ఇలాంటివి కుసుమ నమ్ముతుందని అనుకోలేదు. బిళ్ల తీసి కిటికీ గట్టు మీద పెట్టాను.

ఫిల్టర్లో పొడి వేశాను, ఒత్తాను, మరిగిన నీళ్లు పోశాను. గంట తర్వాత చూస్తే నీళ్లన్నీ పైనే ఉన్నాయి. కింద ఒక్క చుక్క లేదు. రజిత చూసి తల కొట్టుకుంది.

"సార్, పొడి ఒత్తిండ్రా, రోడ్డు ఏసిండ్రా? జెర మెల్లగ అద్దాలె అంతే. పసిపిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టినట్టు."

"నీకెలా తెలుసు? మీ ఇంట్లో టీయే కదా."

ఏదో చెప్పబోయి ఆగింది. "అమ్మ చేస్తుంటే చూసిన" అంది. పాలు పొంగుతున్నాయని వెళ్లిపోయింది.

9 జూలై

రెండోసారి. నీళ్లు పోయగానే బుడబుడమని దిగిపోయాయి. గోధుమరంగు నీళ్లు వచ్చాయి. పారబోశాను.

11 జూలై

మూడోసారి, నాలుగోసారి. డబ్బా ఖాళీ.

13 జూలై, ఆదివారం

లష్కర్ బోనాలు. బస్సులు సగం దారిలోనే మళ్లిస్తున్నారు. పొడికి వెళ్లలేదు. రజిత బోనం ఎత్తుకుని వెళ్తూ తలుపు కొట్టి చూపించింది. వేపమండలు, పైన దీపం. కుసుమ ఉంటే కుంకుమ పెట్టేది. నాకేం చేయాలో తోచలేదు. చేతులు జోడించాను.

15 జూలై, మంగళవారం

మల్కాజ్‌గిరి నుంచి బస్సులో సికింద్రాబాద్ స్టేషన్, అక్కడి నుంచి నడిచి రెజిమెంటల్ బజార్. కామరాజు కాఫీ పొడి దుకాణం. ముప్పై ఏళ్లుగా మా ఇంటి పొడి అక్కడిదే. నేను లోపలికి వెళ్లింది మాత్రం నాలుగైదుసార్లే.

మర ఆడుతోంది. నన్ను చూసి కామరాజు లేచాడు. "నమస్తే నరసరాజు సార్. మీరొచ్చిండ్రేంది? అమ్మకు తబియత్ బాగుంది గదా?"

చెప్పాను. రెండు వాక్యాలు.

మర ఆపేశాడు. కాసేపటికి లోపలికి వెళ్లి రెండు పొట్లాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి తెల్ల దారం.

"మాకు ఒకటే కదా" అన్నాను.

"రెండు సార్. ఆరేండ్ల సంది రెండే." ఎర్ర దారం పొట్లం ముందుకు జరిపాడు. "ఇది మీరు ఎప్పుడూ తాగేది." తెల్ల దారం మీద చెయ్యి పెట్టాడు. "ఇది కూడా మీరు ఎప్పుడూ తాగేదే. కెఫీన్ తీసేసిన గింజ. చిక్కమగళూరు నుంచి మీ ఒక్క ఇంటి కోసం తెప్పిస్త. వేరేటోళ్లు ఎవరూ కొనరు."

నాకు అర్థం కాలేదు.

"రంగు, వాసన, రుచి రెండింటికీ ఒక్క తీరు ఉండాలె అన్నది అమ్మ. చికోరీ అటూ ఇటూ చేసి పంపిన. మూడుసార్లు వాపస్ తెచ్చింది. నాలుగోసారి ఇక్కడనే ఆ స్టూలు మీద కూసుని రెండు గ్లాసులు తాగింది. 'ఇప్పుడు నాకే తెలుస్తలేదు కామరాజూ, ఇంక సార్‌కేం తెలుస్తది' అన్నది. సార్ వస్తే ఎర్ర దారందే ఇయ్యి, తెల్లది చూపెట్టకు అని ఒట్టేయించుకున్నది." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇగ ఎవరి కోసం దాచాలె సార్?"

రెండూ తీసుకున్నాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా స్టాప్ దాటిపోయింది.

16 జూలై

వంటింట్లో వెతికాను. చింతపండు జాడీ వెనక ఒక పాత సీసా. దాంట్లో తెల్ల దారం పొడి, సగం ఉంది. మూత తీసి వాసన చూశాను. కాఫీ.

సీసా ఉన్న అరలో డబ్బాల కింద పాత క్యాలెండర్ కాగితాలు పరిచి ఉన్నాయి. మన ఇళ్లల్లో అందరూ పరుస్తారు. పాలు రాని రోజుకు "పా", గ్యాస్ వచ్చిన రోజుకు "గ్యా" అని ఆమె రాతే. సీసా తీసిన చోట 2023 మార్చి. కొన్ని గళ్లల్లో మూలకు చిన్న ఎర్ర చుక్క. కొన్నింటికి లేదు. వరస ఏమీ లేదు. రెండు రోజులు ఉండి, ఒక రోజు లేక, మళ్లీ నాలుగు ఉండి, మూడు లేక.

గడి గడికీ వేలు పెట్టి మళ్లీ చూశాను. అలాంటి వరస మనిషి ఆలోచించి రాయలేడు. ముప్పై రెండేళ్లు బోర్డు మీద నేను గీసి చూపించింది అదే.

కిటికీ గట్టు మీద రూపాయి బిళ్ల అలాగే ఉంది.

17 జూలై

పొద్దున రజిత పాలు తేగానే బిళ్ల చూపించాను.

"అమ్మా, దొరికిపోయినం" అంది. కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"పొద్దుగాల పాలు ఇయ్యనీకి వస్తే రోజూ ఎగరేస్తుండె సార్. బొమ్మా బొరుసా. మొదట్ల నాకు సమజ్ కాలే. ఏందమ్మా గిది, ఆయన లేవంగనే కొట్లాడనీకా అంటే, 'సార్‌కి ఇవాళ ఏ పొడో ఇది చెప్తుందే, నేను చెప్పకూడదు' అన్నది. బొమ్మ పడితే ఎర్రది. బొరుసు పడితే తెల్లది. చేసేది ఒకటే ఫిల్టర్. మీకూ గదే, అమ్మకూ గదే."

"నాకెందుకు చెప్పలేదు?"

"నేను సుత అడిగిన. జెర చెప్పరాదమ్మా, పాపం సార్ అన్న. చెప్తే అంతా వృథా అయితదంట. ఇంకోటి సుత అన్నది." ఆగింది. "అనాల్నా?"

"అను."

"'పొద్దున్నే కత్తెర పట్టుకుంటే ఆయన మొహం చూడాలే నువ్వు. బడికి పోయే పిల్లాడు. ఆ వెలుగు నేనెందుకు ఆర్పాలి?' అన్నది."

పాల పాకెట్లు రెండూ నా చేతుల్లోనే ఉన్నాయి. చేతులు తడిసిపోయాయి.

అదే రోజు, మధ్యాహ్నం

గుర్తొచ్చింది. 2019 మార్చి. డాక్టరు బీపీ నోట్‌బుక్ పెట్టమన్న వారం. బాల్కనీలో కూర్చుని ఫైళ్లు రెండూ ముందేసుకుని విసుక్కున్నాను. "వీళ్లెవరినీ నమ్మలేం. సరైన పరీక్ష చేయాలంటే ఏ రోజు ఏది తాగాలో నాణెం చెప్పాలి, తాగేవాడికి తెలియకూడదు, ఏళ్ల తరబడి చేయాలి, మధ్యలో ఒక్కసారి నోరు జారినా అంతా వృథా. నా మీద నేనే ఎలా చేసుకుంటాను?"

ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "ఎన్నేళ్లు?" అంది.

"ఎంత ఎక్కువైతే అంత మంచిది" అన్నాను.

ఇంకేమీ అడగలేదు. ఇంటర్‌తో చదువు ఆపేసిన మనిషి. నా పాఠం ఒక్కసారే విన్నది.

19 జూలై

డబ్బాలన్నీ దింపాను. ఆరు అరలు. నెల తర్వాత నెల. నూనె మరకలు, పసుపు మరకలు. 2021 లేదు. రజితను అడిగాను. రజిత వాళ్లింట్లో ట్రంకు పెట్టె కింద పరిచి ఉంది. ఆమె భర్త కిషన్ పెట్టె ఎత్తి పట్టుకుంటే రజిత లాగింది. "నీ చీరల బరువుకు నా నడుం పోయేటట్టుంది" అన్నాడు కిషన్. "సార్ పరీక్ష రాస్తుండు, నువ్వు సప్పుడు చెయ్యకు" అంది ఆమె.

20 జూలై, ఆదివారం

రజిత పక్కన నిలబడి చెప్పింది. పొడి మెల్లగా అద్దాను. నీళ్లు పోసి కింది గిన్నె కాస్త పక్కకు జరిపి చూశాను. ఒక బొట్టు. చాలాసేపటికి ఇంకొకటి. నల్లగా, దేనికీ తొందర లేనట్టు. డెబ్బై ఒక్క ఏళ్ల వయసులో డికాషన్ దిగడం మొదటిసారి చూశాను. ఆమె రోజూ దీని ముందు నిలబడింది. నేను గ్లాసు అందుకున్నాను.

తాగలేదు. లెక్క అయ్యాకే.

21 జూలై

2019, 2020 అయ్యాయి. క్యాలెండర్ ఒక పక్క, నా బీపీ నోట్‌బుక్ ఒక పక్క.

22 జూలై

2021. కోవిడ్ వచ్చి నేను గదిలో పడుకున్న పద్నాలుగు రోజులూ చుక్క ఉన్నవీ లేనివీ సమంగా ఉన్నాయి. గుమ్మం బయట గ్లాసు పెట్టి వెళ్లేది. అప్పుడు కూడా నాణెం వేసింది.

24 జూలై

అయింది.

25 జూలై, శుక్రవారం

నోట్‌బుక్‌లో బీపీ ఉన్న రోజులు మొత్తం 2,078. చుక్క ఉన్నవి, అంటే ఎర్ర దారం రోజులు, 1,041. లేనివి 1,037. నాణెం నిజాయితీగా పడింది. ఆమె ఒక్కరోజు కూడా దాని మాట కాదనలేదు.

కాఫీ రోజుల్లో నా పై బీపీ సగటు 136.4. కాఫీ కాని రోజుల్లో 136.2.

నోట్‌బుక్‌లో చివరి గడి నేను పెట్టుకున్నదే. "కాఫీ బాగుంది", "కాఫీ తేలిపోయింది." నా నాలుక మీద నాకు చాలా నమ్మకం. దాన్నీ లెక్క కట్టాను. "బాగుంది" అన్నవాటిలో సగం చుక్క లేని రోజులే. కాఫీ వల్ల నిద్ర పట్టలేదని ఎర్ర సిరాతో రాసుకున్న రోజులు పదకొండు. వాటిలో ఏడు రోజులకు చుక్క లేదు.

డిసెంబర్ కాగితాలు వెనక్కి తిప్పితే పెన్సిల్ కూడికలు. నా నోట్‌బుక్‌లోంచి ఎత్తి రాసుకుని, కూడి, భాగించింది. తప్పు ఉంటుందని వెతికాను. లేదు. కింద ఒక మాట. 2019లో "తేడా లేదు." 2020లో "తేడా లేదు." ప్రతి ఏడూ అదే మాట, అదే సైజు అక్షరాలు. 2024లో మాత్రం ఇంకొకటి ఉంది. "తేడా లేదు. ఇంకో ఏడాది చూసి చెప్దాం."

నేను క్లాసులోకి వెళ్తే పిల్లలు లేచి నిలబడేవాళ్లు. ఇవాళ వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నవాణ్ని, లేచి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

26 జూలై

ఒక గడి చూడకుండా వదిలేశాను. లెక్కలో వేశాను, కానీ కళ్లతో చూడలేదు. వేలితో దాటేశాను. ఈరోజు వంటింటి గోడ మీది ఈ ఏటి క్యాలెండర్‌లో చూశాను.

జూన్ 9. చుక్క లేదు.

ఆ పొద్దున మేమిద్దరం బాల్కనీలో తాగింది తెల్ల దారం. అంటే రోజుకు ఒకటి అన్న నా నియమం ప్రకారం కూడా ఆమెకు ఇంకా ఒక కాఫీ ఉంది. పదకొండింటికి అడిగింది రెండోది కాదు. మొదటిది.

కెఫీన్‌కు అలవాటైన వాళ్లకు అది అందని రోజు తలనొప్పి వస్తుంది. రజిత తలుపు కొట్టాను.

"చుక్క లేని రోజు ఆమెకు తలనొప్పి వచ్చేదా?"

మిషన్ ఆపింది. నన్ను చూసి ఇంక దాచలేదు. "మా ఇంట్ల తాగుతుండె సార్. చిన్న ఫిల్టర్ ఇక్కడనే ఉన్నది, ఎర్ర దారం పొడి సుత. తెల్లది పడ్డ రోజు పదకొండు కొట్టంగనే కరివేపాకు కావాలె అని వస్తుండె. అర గ్లాసు. నాకు సుత గట్లనే అలవాటు చేసింది."

కరివేపాకు. ఆరేళ్లు.

"ఆ రోజు?"

కుడుతున్న జాకెట్ తీసి పక్కన పెట్టింది.

"ఆ రోజు మేం బోవెన్‌పల్లి పోయినం సార్, కిషన్ అక్కోళ్లింటికి. తాళం."

ఇంటికి వచ్చి కూర్చున్నాను.

తాళం చూసి వెనక్కి వచ్చింది. అందుకే నన్ను అడిగింది, మొదటిసారి. "పొద్దున మీరు తాగింది కాఫీయే కాదండీ" అని ఒక్క మాట అంటే చాలు. అర గ్లాసు కాదు, నిండు గ్లాసు ఇచ్చేవాణ్ని. అనలేదు. అంటే ఆరేళ్ల పని పోతుంది. నేను చెప్పిన నియమం, నేను మర్చిపోయిన నియమం, ఆమె కాపాడింది. నేను ఇన్నాళ్లూ ఆమె నా పేపరుకు లొంగి గ్లాసు దించిందనుకున్నాను. ఆమె నా పేపర్ని వింటూ నవ్వింది.

ఇది నాకు అనుకూలంగా చెప్పుకుంటున్నానేమో. ఒక్క రోజు, ఒక్క మనిషి. దాని నుంచి ఏదీ తేల్చకూడదు. ఆ అర గ్లాసు తాగి ఉంటే ఏమయ్యేదో అత్త ఫైలూ చెప్పదు, కోడలు ఫైలూ చెప్పదు. నా బీపీలో తేడా లేదంటే ఆమె గుండెలో తేడా లేదని కాదు. ఆమెకు కావాలనిపించింది, నేను ఇవ్వలేదు. అది అలాగే ఉంటుంది.

కానీ ఇంత పెద్ద పని ఈ వంటింట్లో జరిగింది. డబ్బాల కింద. నేను పది అడుగుల దూరంలో కూర్చుని పేపరు కత్తిరిస్తుండగా.

27 జూలై, ఆదివారం

రెండు ఫైళ్లూ ఖాళీ చేశాను. ముక్కలన్నీ వంటింటి అరల్లో పరిచి పైన డబ్బాలు పెట్టాను. సరిగ్గా సరిపోయాయి. జేబులో ఉన్న ముక్క చింతపండు జాడీ కింద. ఖాళీ అయిన ఫైళ్లలో క్యాలెండర్లు పెట్టాను, ఏడాది వారీగా. పైన ఆమె పూర్తి పేరు రాశాను. కుసుమకుమారి.

శ్రీలేఖ ఫోన్ చేస్తే మొత్తం చెప్పాను. అరగంట మాట్లాడాను. "నాన్నా, నువ్వేనా?" అంది.

రజితకు ఒక పాల పాకెట్ చాలని చెబ్దామనుకున్నాను. చెప్పలేదు. రెండూ కావాలి.

రేపు పొద్దున అయిదున్నరకు లేస్తాను. నాణెం ఎగరేయను. ఎర్ర దారం విప్పి, పొడి మెల్లగా అద్ది, డికాషన్ దిగేదాకా అక్కడే నిలబడతాను. ఆరింటికి బాల్కనీలో నా గ్లాసుతో తాగుతాను. పదకొండింటికి స్టాండులో బోర్లించిన ఆమె గ్లాసు తిరగేసి, అర గ్లాసు కలుపుతాను. ఎవరినీ అడగను.